పీలమేడు నుంచి పెరియకుళం బావి దాకా

గొంతు వింటే ఊరు చెప్పడం నాకు ఉద్యోగం నేర్పిన విద్య. తణుకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చున్న రోజుల్లో, అవతలివాళ్లు హలో తర్వాత రెండో మాట అనేలోపే వాళ్లది నరసాపురమో నందిగామో చెప్పేసేదాన్ని. పదవీ విరమణ చేసి మూడేళ్లయినా ఆ అలవాటు పోలేదు. అలాంటి నన్ను పోయిన ఏడాది ఒక గొంతు ఓడించింది.

అరవై ప్రాంతంలో ఉన్న ఆడవాళ్లం కొందరం సైకిళ్లు తొక్కుతూ ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో జయమణి అనే ఆమె రోజూ పొద్దున్నే తన మాట రికార్డు చేసి పెట్టేది. "ఈ పొద్దు ముప్పై కిలోమీటర్ తొక్కితిని. గాలి రొంబ ఉండాది. మీరంతా ఏల ఇంగా పండుకోనుండారు, లేయండి." తెలుగే. కాని నెల్లూరు కాదు, చిత్తూరు కాదు, బళ్లారి అసలే కాదు. అడిగితే కోయంబత్తూరు పక్కన పీలమేడు అంది. ఆమె తెలుగు చదవలేదు, నేను తమిళం చదవలేను. అందుకని మా స్నేహమంతా మాటల మీదే నడిచింది.

"రాండి అక్కా, ఈడనించి సైకిల్లో పెరియకుళం పోదాం, అప్పరం మదురై. పెరియకుళంలో ఆండాళమ్మ తోట ఉండాది. మన గ్రూపులో ఉండాదే, ఆటలు నేర్పే టీచర్. ఆమె బావిలో ఈత కొడదాం," అంది ఒకరోజు.

సైకిలు వరకూ నాకు అభ్యంతరం లేదు. ఈత సంగతే చిక్కు. ఎనిమిదో ఏట కాలవలో జారిపడితే ఎవరో జుట్టు పట్టుకుని బయటికి లాగారు. ఆ తర్వాత నీళ్లతో నా సంబంధం బకెట్టు దాటలేదు. మోకాళ్లకు ఈత మంచిదని డాక్టరు చెప్పాక, మా ఊరి ఈతకొలనులో ఆడవాళ్ల వేళకు వెళ్లాను. పదకొండు రోజులు గోడకున్న ఇనుప కమ్మీ పట్టుకుని నడుంలోతు నీళ్లలో నిలబడి, పన్నెండో రోజు మానేశాను. ఈ మాట జయమణికి చెప్పలేదు. దారిలో ఏదో ఒక సాకు దొరక్కపోదు అనుకున్నాను.

మావారు సైకిలు విప్పి అట్టపెట్టెలో సర్దడానికి సాయం చేసి, "పడితే ఎవరూ చూడని చోట పడు," అని దీవించారు.

పీలమేడు

జయమణి నాకంటే రెండేళ్లు చిన్న. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ముప్ఫై ఏళ్లు శుభ్రం చేసే పని చేసి రిటైరయింది. ఒకటిన్నర గది ఇల్లు. గోడకు ఏసుప్రభువు పటం, పక్కనే మేకుకు వేలాడుతున్న పతకం. అది ఈత పోటీలో వచ్చిందట. కాలేజీ ఈతకొలను అంచులు రుద్దుతూ పిల్లలను చూసి చూసి, యాభై అయిదో ఏట, అక్కడ నేర్పే మేడమ్‌ను అడిగి సెలవుల్లో తానూ దిగింది. "నీళ్లు నన్ను ఎత్తుకొనె అక్కా," అంది. ఎత్తుకొనె. మా వైపు ఆ మాట అలా ఎవరూ అనరు.

మధ్యాహ్నం బియ్యమూ కందిపప్పూ కలిపి వండిన అన్నం పెట్టింది. మన పులగానికి చుట్టమే కాని, చిన్న ఉల్లిపాయలూ వెల్లుల్లీ మిరియాలూ పడి దారి తప్పిన చుట్టం. మీద నెయ్యి వేసుకుంటూ, మీ తెలుగు ఎంత బావుందో అన్నాను.

"మీదీ పరవాయిల్లె అక్కా. కొంచెం బిరబిరా మాటాడతారు. అది తప్ప బాగానే ఉండాది."

మాది అసలు తెలుగని, వాళ్లది దూరమైపోయిన తెలుగని అనుకుంటూ వచ్చినదాన్ని. ఆ పూట పరీక్షలో అత్తెసరు మార్కులతో గట్టెక్కినట్టయింది.

ఉడుమలపేట దారి

నాది గేర్ల సైకిలు. జయమణిది ముందు బుట్ట ఉన్న పాత నల్ల సైకిలు. పొద్దున్నే కాలేజీ బస్సుల మధ్య నుంచి బయటపడ్డాం. మొదటి గంటలో నేను ముందు. తర్వాత నాలుగు రోజులూ ఆమె ముందు.

జూన్ నెల. కొండల సందులోంచి పడమటి గాలి ఈ దారిలో వీపు మీద చెయ్యి వేసి తోస్తుంది. పొల్లాచ్చి కొబ్బరితోటలు దాటాక రెండు వైపులా గాలిమరలు కనిపించాయి. ఒక్కో రెక్క మా వీధి పొడవుంటుంది.

టీ కొట్టు దగ్గర చిన్న గొడవ పెట్టుకోబోయాను. నేను బల్ల మీద కూర్చోగానే కొట్టతను నవ్వుతూ, "సొల్లుంగ అమ్మా," అన్నాడు. నోరు తెరవకముందే నాది సొల్లంటాడేమిటని ముఖం మాడ్చుకున్నాను. జయమణి టీ పొరబోయేదాకా నవ్వి, అరవంలో అది 'చెప్పండమ్మా' అనడమని విడమరిచింది. టీ పదిహేను, గారె పది. గారె మాత్రం మా ఊరి గారెకు రెండింతలు.

పళని చేరకముందు నా టైరులో తుమ్మముల్లు దిగింది. నేను ఫోను తీసి బాగుచేసే కొట్టు ఎంత దూరమో చూస్తుండగా, జయమణి బుట్టలోంచి ఉప్పుకాగితం, జిగురు, రబ్బరు ముక్క తీసి రోడ్డు పక్కన కూర్చుంది. నీళ్ల సీసా మూతలో నీళ్లు పోసి ట్యూబు చుట్టూ అద్ది, బుడగ వచ్చిన చోట గోటితో గీత పెట్టింది. ఇరవై నిమిషాల్లో మళ్లీ బయల్దేరాం. ఆ సాయంత్రం ఆమె నా సైకిలు ధర అడిగితే సగమే చెప్పాను.

ఒట్టన్‌చత్రం

ఇక్కడి కూరగాయల మార్కెట్టు సరుకు కేరళ దాకా పోతుందట. మునక్కాయలు కట్టెల్లా కట్టలు కట్టి, మనిషెత్తు పేర్చి ఉన్నాయి. మా ఊళ్లో ఒక్కోటి ఏరి బేరమాడే కాయను ఇక్కడ కాలితో జరుపుతున్నారు. తక్కెళ్లు, లారీలు, అరుపులు. మా సైకిళ్లు ఎక్కడ ఆనించినా ఎవరికో అడ్డమే.

ఒక మూల చిన్న ఉల్లిపాయలు ఏరుతూ కూర్చున్న ఆమె మా మాటలు విని తలెత్తింది. మా వయసే ఉంటుంది.

"తెలుగోళ్లా? ఎవురు పంపిస్తిరి మిమ్మల్ని, ఇట్ల సైకిల్లో?"

ఎవరూ పంపలేదు, మేమే వచ్చామన్నాను.

"ఏమి పనికి?"

"పనేం లేదు. రిటైరయ్యాం. ఊరికే."

ఆమె ఏరుతున్న చేతులు ఆపలేదు. "ఊరికేనా," అని కొంచెంసేపు ఆ మాటను నోట్లో పెట్టుకుని చూసింది. "నాకు చెయ్యి ఆడనప్పుడే రిటైర్. అంతదంకా ఈ గడ్డలే."

నెల మొదట్లో పెన్షన్ పడే మనిషికి సాహసం సులువు. ఆ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదని కాదు. అంత దగ్గరగా కూర్చుని ఎవరూ చెప్పలేదు.

ఆమె లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, నా సైకిలు వైపు చూసింది. "ఒక చుట్టు తొక్కొచ్చునా? పెండ్లికి ముందర తొక్కింది."

ఇచ్చాను. కుచ్చిళ్లు బిగించి ఎక్కింది. మొదట రెండుసార్లు ఒరిగింది, మూడోసారి నిలబడింది. మునగకట్టల మధ్య నుంచి, లారీల వెనక నుంచి, "వళి విడుంగ, వళి విడుంగ" అని దారి ఇమ్మని కేకలేస్తూ మార్కెట్టంతా తిరిగింది. హమాలీలు బస్తాలు నెత్తిన పెట్టుకునే ఆగి చూశారు. తిరిగొచ్చి దిగినప్పుడు ఆమె ముఖం చెమటతో మెరుస్తోంది. రెండు దోసిళ్ల ఉల్లిపాయలు జయమణి బుట్టలో పోసి, మళ్లీ కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. ఆమె పేరు అడగడం మర్చిపోయాం.

పెరియకుళం

కొడైకెనాల్ కొండలు ఇక్కడ ఊరి నెత్తిమీదే ఉన్నట్టుంటాయి. కింద అంతా మామిడితోటలు. కాపు చివరికొచ్చింది. మిగిలిన కాయలు చెట్ల మీదే పండి రాలుతున్నాయి.

ఆండాళమ్మకు అరవై ఏడు. బడిలో ఆటలు నేర్పి రిటైరైన మనిషి, ఇప్పటికీ మెడలో ఈల వేసుకునే తోటలో తిరుగుతుంది. కోతులను తోలడానికట. భర్త పోయాడు. తోటను ఆమె, ఆమె బావగారు గోవిందసామిగారు కలిసి చూసుకుంటారు. ఆయనకు ఎనభై దగ్గర. తెల్లటి పంచె, భుజాన తువ్వాలు. అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టి, తన చేత్తోనే మామిడిపండ్లు కోసి పళ్లెంలో పెట్టారు.

"ఆంధ్రాలో ఏ ఊరమ్మా? మా పెద్దోళ్లూ ఆ పక్కనించే వస్తిరంట. ఎన్ని నూర్ల ఏండ్లో ఎవురికి తెలుసు. మీ మాట వింటే చెవులకు చల్లగా ఉండాది."

గోదావరి ఎలా ఉంటుంది, ఇప్పుడు వరి ఏ రకం వేస్తున్నారు, అమ్మాయి పెళ్లిలో మంగళసూత్రానికి ముందు ఏం చేస్తారు అని ఒక్కొక్కటే అడిగారు. అంత శ్రద్ధగా నన్ను ఎవరైనా ఏదైనా అడిగి చాలా ఏళ్లయింది. తర్వాత అడిగారు, "మీరు ఎవుర్లు?"

మా వైపు ఈ ప్రశ్నకు ముందు ఇంటిపేరడుగుతారు, తర్వాత చుట్టాలెవరంటారు, మూడో మలుపులో అసలు సంగతికొస్తారు. ఇక్కడ నేరుగానే. చెప్పాను. తృప్తిగా తలాడించి జయమణి వైపు తిరిగారు.

"నువ్వు కోయంబత్తూర్‌లో ఏ తెలుగమ్మా?"

జయమణి పండు ముక్క పళ్లెంలో పెట్టింది. "మా యమ్మ కార్పొరేషన్‌లో వీధులు తోసేది. నేను కాలేజీలో కక్కూసులు కడిగితిని. ఆ తెలుగయ్యా."

"సరి," అన్నారాయన. కత్తి తుడిచి, మడిచి, లేచి లోపలికి వెళ్లారు.

నేను కూర్చునే ఉన్నాను. ముప్ఫై ఎనిమిదేళ్లు మాటలతో బతికినదాన్ని, ఆ అరుగు మీద ఎదురుగా ఉన్న మామిడిముక్క రంగు గురించి ఏదో అన్నట్టు గుర్తు. ఆండాళమ్మ వంటింట్లోంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ సాయంత్రం గోవిందసామిగారి భోజనం ఆయన గదికే వెళ్లింది. మేం ముగ్గురం ఒకే వరుసలో ఆకులు వేసుకుని తిన్నాం.

చేతులు కడుక్కుంటున్నప్పుడు జయమణితో, నేనేదైనా అనాల్సింది అన్నాను.

"పోనీ అక్కా. ఆయన అడిగె, నేను చెప్తిని. అడగకుండానే కనిపెట్టేవాళ్లు ఉండారు, వాళ్లకన్నా మేలు." చేతులు తుడుచుకుంటూ చెప్పింది. "చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకి మా యమ్మ నన్ను ఈ పక్కకే తెచ్చేది. మామిడికాయలు కోసే కూలికి. తోటోళ్ల పిల్లలు బావిలో దూకతా ఉందురు. మేం గట్టు మీద నిలబడి చూడాల. నీళ్లు కావాలంటే ఎవురన్నా పైనించి పోసేది."

అప్పుడు గాని నాకు తెలియలేదు, ఈమె నన్ను ఈత కోసం ఇంత దూరం ఎందుకు తెచ్చిందో.

బావి

మా డెల్టాలో బావి అంటే నలుగురు చుట్టూ నిలబడేంత. ఇది ఒక పెద్ద ఇల్లు పట్టేంత నలుచదరపు గొయ్యి. నాలుగు వైపులా రాతికట్టు. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతిపలకలే మెట్లు. వేసవి వానలు బాగా పడ్డాయట, నీళ్లు పధ్నాలుగు మెట్ల కింద ఆకుపచ్చగా ఉన్నాయి. ఒక గోడ వెంబడి మోటారు గొట్టం లోపలికి దిగి ఉంది.

పొద్దున్నే ఆండాళమ్మ చుడీదారు వేసుకుని వచ్చి, మెడలో ఈల తీసి రాయి మీద పెట్టి, గట్టు మీద నుంచి దూకేసింది. అరవై ఏడేళ్ల మనిషి. మోకాళ్లు ముడిచి, బాంబులా. నీళ్లు సగం గోడ దాకా లేచాయి.

జయమణి మూడో మెట్టు దాకా దిగి అక్కడే కూర్చుంది. ఈతలో పతకం తెచ్చుకున్న మనిషి మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని నీళ్లను చూస్తోంది.

"దిగొచ్చునా అమ్మా?" అని అడిగింది.

ఆండాళమ్మ నీళ్లలోంచి పైకి చూసింది. ఆమెకు నిన్నటి సంగతి ఈపాటికి తెలిసే ఉంటుంది. "ఈత తెలిసినోళ్లు అడిగి దిగేది ఏమి జయమణీ. దూకు."

జయమణి లేచి, ముక్కు మూసుకోకుండా, చేతులు తల మీదికి చాపి దూకింది. లోపలికి పోయిన మనిషి ఎంతసేపటికీ తేలదే అనుకుంటుంటే, అవతలి గోడ దగ్గర తేలింది. వెల్లకిలా తిరిగి కళ్లు మూసుకుంది.

నేను గట్టు మీదే ఉన్నాను. పక్కన నాకోసం సిద్ధం చేసిన ఎండు సొరకాయ బుర్రలు రెండు, నడుముకు కట్టుకునే తాడుతో సహా ఉన్నాయి. ఇంట్లో పెసరట్లు తిన్న పొట్ట బరువు, మోకాలు, రాత్రి సరిగా నిద్రపట్టకపోవడం, ఇలా సాకులన్నీ వరుసలో పేరుస్తున్నాను. వెనక నుంచి గోవిందసామిగారు వచ్చారు. బావి వైపు చూడలేదు.

"అమ్మా, మీరు ఇట్ల రాండి. మీకు ఈత రాదని నిన్న మాటల్లో చెప్తిరి కదా. మోటార్ షెడ్ కాడ తొట్టి కడిగించి పెడితిని. బోరు నీళ్లు, కొత్తవి. మీరు ఆడ స్నానం చేయొచ్చు."

ఎంతో మర్యాదగా అన్నారు. తణుకులో బయల్దేరినప్పటి నుంచి నేను వెతుకుతున్న సాకు అది. నా భయానికి ఎవరో కుర్చీ వేసి కూర్చోమన్నట్టుంది. కింద జయమణి కళ్లు తెరిచి పైకి చూస్తోంది.

"వద్దండి," అన్నాను. "నేను ఇందులోకే దిగుతాను."

ఆయన సరే అన్నట్టు తల పంకించి షెడ్డు వైపు నడిచారు.

నా ధైర్యం ఆరో మెట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఏడో మెట్టు నుంచి కూర్చుని దిగాను. పధ్నాలుగో మెట్టు మీద కాళ్లు నీళ్లలో పెడితే చలి మోకాళ్ల దాకా పాకింది. సొరకాయలు నడుముకు కట్టుకుని, ఎవరి పేర్లు తలుచుకోవాలో వాళ్లందరినీ తలుచుకుని, జారాను.

బుర్రలు నా నడుమును పైకి లేపి తలను కిందికి తోశాయి. ముక్కులోకి నీళ్లు, చెవుల్లోకి నీళ్లు, నోట్లోకి ఆకుపచ్చ రుచి. ఎనిమిదేళ్ల పిల్లనైపోయాను. అప్పుడు గడ్డం కింద ఒక అరచెయ్యి పడింది.

"గాలి తీసుకో అక్కా. నన్ను పట్టుకోవద్దు, పట్టుకుంటే ఇద్దరం పోతాం. సైకిల్ తొక్కినట్ల కాళ్లు ఆడించు. అంతే. ఇంగా. ఇంగా."

తొక్కాను. ఎన్నో మైళ్లు తొక్కిన కాళ్లు కనుక ఆ ఒక్కటీ తెలిసింది. కాసేపటికి ఆమె అరచెయ్యి నా గడ్డం కింద లేదని గమనించాను. గమనించగానే మునిగాను. మళ్లీ ఎత్తింది.

అంతలో గోడ పక్క గొట్టం గరగరమంది. మోటారు ఆన్ అయింది. నీళ్లు పైకి లాగుతున్న చప్పుడు బావి నిండా పరుచుకుంది. జయమణి చేతులు ఆడించడం ఆపి ఆ గొట్టం వైపు చూసింది. తోటకు నీళ్లు పెట్టే వేళ కాదది. ఎందుకో మా ముగ్గురికీ తెలుసు. జయమణి ముట్టుకున్న నీళ్లు బయటికి పోవాలి.

ఆండాళమ్మ మెట్లెక్కింది. తడి బట్టలతో షెడ్డు వైపు వెళ్లబోయి, వెనక్కొచ్చి, గట్టు మీది తువ్వాలుతో చేతులు శుభ్రంగా తుడుచుకుంది. తడిచేత్తో స్విచ్చి ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పీ చెప్పీ అలవాటైన మనిషి. తర్వాత వెళ్లింది. రెండు గొంతులు వినిపించాయి. ఆయనది తగ్గు స్వరంలో, ఆమెది ఇంకా తగ్గు స్వరంలో. ఏం అనుకున్నారో ఒక్క ముక్క అందలేదు. మోటారు ఆగింది.

ఆమె తిరిగొచ్చి గట్టు అంచున నిలబడింది. "మామిడికి రేపు పెట్టొచ్చు నీళ్లు," అని మళ్లీ దూకింది.

ఒక్కరోజు ఉండాలనుకున్న తోటలో మూడు రోజులు ఉన్నాం. రెండో రోజు ఒక సొరకాయ తీసేశారు. మూడో రోజు రెండోదీ తీసేశారు. ఈ గోడ నుంచి ఆ గోడకు చేరడానికి నాకు ఎంతసేపు పట్టిందో అడగొద్దు. కుక్కపిల్ల ఈదినట్టు ఈదానని ఆండాళమ్మ, అంతకంటే అన్యాయంగా ఉందని జయమణి తీర్పిచ్చారు. అవతలి రాయి నా చేతికి తగిలినప్పుడు మాత్రం ముగ్గురం ఒకేసారి నవ్వాం, ఆ నవ్వు గోడలకు కొట్టుకుని చాలాసేపు తిరిగింది.

గోవిందసామిగారు మళ్లీ బావి దగ్గరికి రాలేదు. మోటారు మేం పైకి వచ్చాకే వేశారు. అది తోట కోసమో మరి దేనికోసమో ఎవరూ అడగలేదు. బయల్దేరే రోజు ఆయన అరుగు మీదే ఉన్నారు. నేను నమస్కారం పెట్టాను. జయమణి సైకిలు పట్టుకుని, "పోయొస్తాం అయ్యా," అంది.

ఆయన కొంచెంసేపు తువ్వాలు సర్దుకున్నారు. "ఎండ ఎక్కకముందే పోండి," అన్నారు.

తెలుగులో ఇదొక ఇబ్బంది. ఆ 'పోండి' నా ఒక్కదానికి ఇచ్చిన మర్యాదో, మా ఇద్దరినీ కలిపి అన్న మాటో తెలియదు. రోడ్డెక్కాక జయమణిని అడిగాను.

"నేను ఆయన మాట అడగల్యా అక్కా. నీళ్లు అడిగితిని," అంది, పెడలు మీద లేచి నిలబడి తొక్కుతూ.

మదురై

ఉసిలంపట్టి మీదుగా దిగుడు దారి. నా మోకాలు నొప్పి గుర్తుకే రాలేదు. మదురైలో దుమ్ము, బస్సులు, మల్లెపూలు. చిన్న సందులో తోపుడుబండి మీద ఇత్తడి బిందెలో పత్తిగింజల పాలు కాస్తున్నాడు ఒకతను. గింజలు రుబ్బి, పాలు పిండి, బెల్లమూ శొంఠీ వేసి కాస్తారట. గ్లాసు ముప్ఫై. మా వైపు ఆ గింజలు గేదెకు పెడతాం. గేదెలు మనకంటే తెలివైనవని రెండో గ్లాసు తాగుతుండగా అర్థమైంది. బండి అతను మా మాటలు విని తెలుగులోకి మారాడు. అంకెలు మాత్రం తమిళంలోనే లెక్కపెట్టాడు. జయమణీ అంతే. ఎంత ఇంటి భాషయినా చిల్లర దగ్గర ఊరి భాషకే లొంగుతుంది కాబోలు.

మర్నాడు మధ్యాహ్నం నా రైలు. జయమణి కూడా సైకిలు లారీలో వేసి, తాను బస్సెక్కి కోయంబత్తూరు వెళ్లాలని మొదటి రోజే అనుకున్నాం. పొద్దున్న టిఫిన్ తిని బయటికొచ్చేసరికి ఆమె సైకిలు గాలి చూస్తోంది.

"నేను బస్సులో పోను అక్కా. తొక్కుకునే పోతా."

"ఎదురుగాలి కదా."

"ఉండనీ. పెరియకుళంలో ఆగతా."

ఒక్కదానివేనా అని అడగబోయి ఆగాను. ఇంతకుముందు ఆ తోటకు నాతో వచ్చింది. నేను పక్కనుంటే ఆమె ఆంధ్ర నుంచి వచ్చిన అతిథి తోడు. ఇప్పుడు వెళ్లేది ఒట్టి జయమణి. ఆ తేడా నాకంటే ఆమెకు బాగా తెలుసు.

"ఆండాళమ్మకు చెప్పావా?"

"ఇప్పుడే ఫోన్ చేస్తిని."

"ఏమంది?"

జయమణి నీళ్ల సీసా బుట్టలో పెట్టి, చెప్పుల పట్టీలు బిగించుకుంది. "ఎన్ని దినాలు ఉంటావని అడిగె. పోయినసారి మూడు దినాలు తక్కువాయె అనె."

సైకిలెక్కి, రోడ్డు దాటడానికి ఒక బస్సు పోయేదాకా ఆగి, పడమటి వైపు తిరిగింది. గాలి ఎదురుగా కొడుతోంది. వొంగి, నెమ్మదిగా, ఆగకుండా తొక్కుకుంటూ పోయింది.